‘నిరూరి’ కట్ట విప్పితే: ఓరుగల్లు నేల ఉసిరి షీట్లకు పేర్లు సరిచేసిన కేస్ స్టడీ

హెర్బేరియానికి (ఎండబెట్టిన మొక్కలను కాగితపు షీట్లకు అతికించి భద్రపరిచే చోటు) ధ్రువీకరణ కోసం తరచుగా వచ్చే మొక్కల్లో నేల ఉసిరి ఒకటి. కామెర్లకు మందుగా పల్లెల్లో దానికి ఉన్న పేరు వల్ల దాని మీద ఫార్మసీ ప్రాజెక్టులు ఏటా నడుస్తూనే ఉంటాయి. విద్యార్థి ఒక ఎండిన మొక్కను పాత పేపర్లో చుట్టుకొని తెస్తాడు. ‘ఫిల్లాంథస్ నిరూరి’ అని రాసిచ్చే ధ్రువపత్రం కావాలంటాడు. ఈ కేసు మొదలైంది అలాంటి ఒక అభ్యర్థనతోనే.

తెచ్చిన మొక్కను పోల్చడానికి బీరువా తెరిస్తే, ఆ పేరు మీద ఉన్న ఫోల్డర్‌లో హనుమకొండ, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వేర్వేరు కాలాల్లో సేకరించిన షీట్లన్నీ ఒకే కట్టగా ఉన్నాయి. కొన్నింటి ఆకులు కోలగా, మొన మొద్దుగా ఉన్నాయి. కొన్నింటివి రెండు చివరలా సన్నబడ్డాయి. ఒకటి రెండు షీట్లలో కాయలు కాడ లేకుండా రెమ్మకు అంటుకొని ఉన్నాయి. అన్నింటి లేబుల్ మీదా ఒకటే పేరు. ఈ స్థితిలో కొత్త మొక్కకు ఇచ్చే ధ్రువపత్రం పాత తప్పుకు నకలే అవుతుంది. అందుకని ముందు కట్టను సరిచేసి, ఆ తర్వాతే ధ్రువపత్రం సంగతి చూడాలని నిర్ణయం జరిగింది.

పేరు ఎక్కడ దారి తప్పింది

ఫిల్లాంథస్ నిరూరి అన్న పేరు లిన్నేయస్ 1753లో పెట్టింది. ఆ పేరు ఆధారపడిన నమూనా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల మొక్కకు చెందింది. తర్వాత హుకర్ ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ ఐదో సంపుటంలో ఇక్కడి నేల ఉసిరి మొక్కలను ఇదే పేరు కింద చూపారు. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలోనూ (ఫ్లోరా అంటే ఒక ప్రాంతపు మొక్కల వర్ణన గ్రంథం) అదే పేరు కొనసాగింది. వరంగల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి గాంబుల్ పుస్తకం పరిధిలోకి అసలు రాదు. కుక్ రాసిన బొంబాయి ప్రెసిడెన్సీ ఫ్లోరా పరిధిలోకీ రాదు. అయినా గోదావరికి అవతలి జిల్లాల మొక్కల వర్ణన ఉన్న పుస్తకం గాంబులే కావడంతో, ఉత్తర తెలంగాణ మొక్కలకు చాలాకాలం ఆ పుస్తకంలోని కీ (లక్షణాలను బట్టి పేరు తేల్చే పట్టిక) పట్టుకొనే పేర్లు పెట్టారు. పాత షీట్ల మీది తప్పులు చాలావరకు సేకరించినవారి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. చేతిలో ఉన్న మంచి పుస్తకం చెప్పిందే వాళ్లు రాశారు.

1950ల్లో వెబ్‌స్టర్ ఈ గుంపును మళ్లీ పరిశీలించి చిక్కు విప్పారు. ఆరు పరిపత్రాలు (పువ్వులోని రేకుల్లాంటి భాగాలు) ఉన్న ఒక మొక్కకు 1955లో ఫిల్లాంథస్ ఫ్రాటెర్నస్ అని కొత్త పేరు పెట్టారు. ఐదు పరిపత్రాలున్న మన సాధారణ కలుపు మొక్కకు సరిపోయే పేరు అంతకుముందే ఉంది. పశ్చిమ ఆఫ్రికా గినీ తీరపు మొక్కల మీద షూమాఖర్, థానింగ్ 1827లో ప్రచురించిన ఫిల్లాంథస్ అమారస్ అది. భారతీయ ఫ్లోరాల్లో ‘నిరూరి’ అనే భావనను మిత్రా, జైన్ 1985లో ప్రత్యేకంగా సమీక్షించారు. ఆ పేరు కింద అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ కలగలిసి ఉన్నాయని తేల్చారు. డెబిలిస్‌కు విల్డెనో 1805లో పెట్టిన పేరుకు ఆధారం తమిళనాడు తీరంలోని ట్రాంకేబార్‌లో మొక్కలు సేకరించిన క్లైన్ నమూనాలు.

ఇన్ని దశాబ్దాలు గడిచినా భారతదేశంలో సేకరించిన మొక్క మీద ‘నిరూరి’ అని రాసిన పరిశోధనా వ్యాసాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ధ్రువపత్రం అడిగేవారు ఆ వ్యాసాల్లోని పేరే తెస్తారు. ఈ కట్టను అలాగే వదిలేయకూడదనడానికి అసలు కారణం ఇదే.

మొదటి వడపోత: కొమ్మల తీరు

పాత షీట్లు ముట్టుకునే ముందు చేతికి నైట్రైల్ గ్లౌజులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. ఒకప్పుడు పురుగు పట్టకుండా నమూనాలను మెర్క్యురిక్ క్లోరైడ్ కలిపిన ఆల్కహాల్‌లో ముంచేవారు. ఆ పాదరసం ఇప్పటికీ కాగితం మీద ఉంటుంది. షీటు మీద బూడిదరంగు మరకలుంటే అనుమానించాలి, మరకలు లేకపోయినా జాగ్రత్త తగ్గించకూడదు. షీట్లు తిప్పిన చేత్తో టీ గ్లాసు పట్టుకోవడం, వేలు తడిచేసి ఫోల్డర్లు తిప్పడం ఇక్కడ పనికిరావు.

షీటు చేతిలోకి తీసుకున్నాక ముందు చూడాల్సింది ప్రధాన కాండం. అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్‌లలో, వాటిలాగే కనిపించే ఫిల్లాంథస్ యూరినేరియాలో కాండం మీద మామూలు ఆకులు ఉండవు, చిన్న పొలుసాకులే ఉంటాయి. వాటి గ్రీవాల (ఆకు కాండంతో కలిసే మూలల) నుంచి పక్కకు వచ్చే సన్నని రెమ్మలే ఆకులనూ పువ్వులనూ మోస్తాయి. ఆ రెమ్మ చూడ్డానికి చింతాకులా ఉంటుంది. అందుకే కొత్తవారు రెమ్మ మొత్తాన్ని ఒక సంయుక్త పత్రంగా లెక్కగట్టి, ‘ఆకు కింద కాయ’ అని నోట్‌బుక్‌లో రాస్తారు. కాండం మీదే మామూలు ఆకులు కనిపిస్తే అది ఈ గుంపు కాదు. అలాంటి షీట్లు కట్టలో రెండు రకాలుగా తేలాయి. ఆకు మొదలు సన్నగా, కొస వెడల్పుగా ఉన్నది ఫిల్లాంథస్ మడెరాస్‌పటెన్సిస్. నల్లరేగడి చేలల్లో ఇది మామూలు. ఆకు సన్నగా పొడుగ్గా, కాయ పొడవాటి సన్నని కాడకు వేలాడుతూ ఉన్నది ఫిల్లాంథస్ విర్గేటస్. ఈ రెంటినీ ఊళ్లలో నేల ఉసిరి అనే అంటారు కాబట్టి, సేకరణ సమయంలో రాసుకున్న స్థానిక పేరు నుంచే శాస్త్రీయ నామం దిగుమతి అయిందని లేబుళ్లు చూస్తే అర్థమవుతుంది.

ఈ దశలో సూక్ష్మదర్శిని అక్కర్లేదు. 10 రెట్ల చేతి లెన్స్ చాలు. కట్ట అప్పుడే గణనీయంగా సన్నబడింది.

రెండో వడపోత: కాయ కింద లెక్క

మిగిలినవాటిలో పరిపత్రాల సంఖ్య చూడాలి. పని నెమ్మదించేది ఇక్కడే. మగపువ్వు తెరుచుకున్నా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది. ఎండిన షీటు మీద అది మడతపడి గోధుమరంగు చుక్కలా మారిపోతుంది. దాన్ని నానబెట్టి విప్పేలోపు సగం పోతుంది. కానీ ఆడపువ్వు పరిపత్రాలు కాయ ముదిరాక కూడా రాలవు. కాయను 20 రెట్ల లెన్స్ కింద వెనక్కి తిప్పి, కాడ కలిసేచోట నక్షత్రంలా పరుచుకున్న పరిపత్రాలు లెక్కపెట్టవచ్చు, నానబెట్టే పనే లేదు. కాయ విత్తనాలు విసిరి రాలిపోయినా కాడ చివర పరిపత్రాల చుట్టు చాలాసార్లు మిగిలే ఉంటుంది.

ఐదు ఉంటే అమారస్ వైపు, ఆరు ఉంటే మిగతా మూడింటి వైపు. ఒక్క పువ్వుతో తీర్పు ఇవ్వకూడదు. ఒకే మొక్క మీద అక్కడక్కడా లెక్క తప్పే పువ్వులు ఉంటాయి. కాబట్టి వేర్వేరు రెమ్మల నుంచి కనీసం మూడు కాయలు చూడాలి. మూడూ ఒకే మాట చెప్పకపోతే ఇంకా చూడాలి.

ఆ మూడింటిలో యూరినేరియాను వేరు చేయడం సులువు. కాయకు కాడ దాదాపు ఉండదు, పైపొర గరుకుగా బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. ఆకు అంచున సన్నని ముళ్లలాంటి నూగు వేలికి తగులుతుంది. దాంట్లో ఆడపువ్వులు రెమ్మ మొదట్లో, మగపువ్వులు కొస వైపు ఉంటాయి. డెబిలిస్, ఫ్రాటెర్నస్‌లలో ఇది తలకిందులు: మగవి మొదట్లో గుంపుగా, ఆడవి కొస వైపు ఒంటరిగా. అమారస్‌లో రెమ్మ అడుగున ఒకటి రెండు గ్రీవాలు వదిలేస్తే, పైన ప్రతి గ్రీవంలో ఒక మగ, ఒక ఆడ జంటగా కూర్చుంటాయి. పాత వర్ణనల్లో ఈ అమరికకు దక్కాల్సినంత చోటు దక్కలేదు. నిజానికి పరిపత్రాల లెక్క అనుమానంగా ఉన్నప్పుడు కేసు తేల్చేది అమరికే.

డెబిలిస్, ఫ్రాటెర్నస్ మధ్య తేడా పట్టుకోవడం అన్నింటికన్నా కష్టం. ఫ్రాటెర్నస్ ఆకు కోలగా, కొస గుండ్రంగా ఉంటుంది. పరిపత్రాల అంచున వెడల్పాటి తెల్లని పట్టీ కనిపిస్తుంది. డెబిలిస్ ఆకు రెండు కొసలా సన్నబడుతుంది. పాలిపోయిన పాత షీటు మీద తెల్ల అంచు నమ్మదగ్గ గుర్తు కాదు, అక్కడ ఆకు ఆకారమే ఆధారం. ఈ కట్టలోని ఆరు పరిపత్రాల షీట్లలో ఆకులు స్పష్టంగా ఉన్నవి డెబిలిస్‌గా తేలాయి.

మగపువ్వు తప్పనిసరి అయిన షీట్లూ కొన్ని ఉన్నాయి. వాటికి పద్ధతి ఇది. షీటుకు అతికించిన చిన్న కాగితపు సంచిలో రాలిన ముక్కలుంటాయి, ముందు వాటి నుంచే పువ్వు తీసుకోవాలి. అందులో లేకపోతేనే మొక్క మీది నుంచి, అదీ రెండు పువ్వులకు మించకుండా. వాచ్‌గ్లాసులో వేడినీళ్లు పోసి, ఒక చిన్న చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పువ్వును ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. సబ్బు లేకుండా వట్టి నీళ్లలో వేస్తే గాలి బుడగ పట్టుకొని పువ్వు తేలుతూనే ఉంటుంది, లోపలికి తడి దిగదు. మెత్తబడ్డాక డిసెక్టింగ్ మైక్రోస్కోపు కింద రెండు సన్నని సూదులతో పరిపత్రాలను ఒకటొకటిగా పక్కకు జరపాలి. నడుమ మూడు కేసరాలు కనిపిస్తాయి. అమారస్‌లో వాటి దండాలు కలిసి ఒకే స్తంభంగా నిలుస్తాయి. అసలైన నిరూరిలో అవి విడివిడిగా ఉంటాయి. చూడడం అయ్యాక పువ్వును ఆరబెట్టి మళ్లీ అదే సంచిలో వేయాలి. ముక్కే కదా అని పారేస్తే తర్వాత వచ్చేవారికి సరిచూసుకునే ఆధారం పోతుంది.

విత్తనం చెప్పే సాక్ష్యం

విత్తనం పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, మూడు పలకలుగా ఉంటుంది. అమారస్ విత్తనం వీపు మీద నిలువునా ఐదారు గీతలు తేరి ఉంటాయి. యూరినేరియా విత్తనం మీద గీతలు అడ్డంగా ఉంటాయి, లెన్స్ కింద ఒక్క చూపుకే తెలిసిపోతుంది. మడెరాస్‌పటెన్సిస్‌లో గీతలకు బదులు చిన్న బుడిపెలు వరుసలు కట్టి ఉంటాయి. అమెరికా నిరూరి విత్తనం మీద నిలువు గీతలు ఉండవు, సన్నని బుడిపెలే. అందువల్ల ‘ఇది నిజంగా నిరూరి అయ్యే అవకాశం ఉందా’ అని అడిగినవారికి విత్తనం చూపించి జవాబివ్వవచ్చు. కట్టలో విత్తనం దొరికిన ఏ షీటూ ఆ పేరుకు సరిపోలేదు.

విత్తనాలు లేని షీట్లు ఎక్కువ. ముదిరిన కాయ ఎండగానే పగిలి విత్తనాలను దూరంగా విసిరేస్తుంది. ప్రెస్‌లో ఆ పని పేపర్ల మధ్య జరుగుతుంది. పేపరు మార్చేటప్పుడు దులిపేస్తే అంతా పోయినట్టే. కాబట్టి తీసిన ప్రతి పేపరునూ తెల్ల ట్రేలో దులిపి, రాలినవాటిని సంచిలో వేసి సేకరణ నంబరు రాయాలి.

తాజా నమూనాలు ఎలా తేవాలి

పాత షీట్లతో పోల్చడానికి వానకాలంలో తాజా సేకరణ అవసరమైంది. నర్సంపేట వైపు మక్కచేలు, పత్తి చేలు, పొలాల ఒడ్లు, పాకాల చెరువు చుట్టుపక్కల, ములుగు వైపు రోడ్ల అంచులు ఇందుకు మంచి తావులు. అభయారణ్యం పరిధిలో అయితే అటవీశాఖ అనుమతి చేతిలో లేనిదే మొక్క పీకకూడదు, అది కలుపు మొక్కే అయినా సరే.

ఒక్కో నంబరు కింద నాలుగు నుంచి ఆరు మొక్కలు, వేళ్లతో సహా కావాలి. ఒకటి హెర్బేరియానికి, మిగతావి డూప్లికేట్లుగా, పూలు విప్పడానికి. ఉదయమే సేకరించాలి. సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటాయి, అలాగే ప్రెస్ చేస్తే ఆకు ఆకారం ఎప్పటికీ తెలియదు. తెచ్చి సాయంత్రం సర్దుదాం అనుకుంటే కుదరదు, పీకిన చోటే పేపర్ల మధ్య పరచాలి. రెండు మూడు రెమ్మలను వెనక్కి తిప్పి పెట్టాలి. పూలు, కాయలు రెమ్మ కింది వైపే ఉంటాయి.

ఈ ప్రజాతితో (ఫిల్లాంథస్ అనే జాతుల గుంపుతో) వచ్చే పెద్ద చిక్కు ఆకులు రాలడం. ప్రెస్‌లో పెట్టినా మొక్క వెంటనే చావదు. నెమ్మదిగా ఎండుతూ ఆకు మొదట్లో విడివడే పొర ఏర్పరచుకొని ఆకులను వదిలేస్తుంది. రెండో రోజు పేపరు తీస్తే పుల్లలు ఒకవైపు, ఆకుల రాశి ఒకవైపు. మొక్కను మరుగుతున్న నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీస్తే కణాలు అప్పుడే చచ్చి ఈ పొర ఏర్పడదు. నీళ్లు వద్దనుకుంటే స్పిరిట్‌లో ముంచినా పనిచేస్తుంది. ముంచిన తర్వాత పైతడిని బ్లాటింగ్ పేపరుతో అద్ది, ఆపైన ప్రెస్ చేయాలి. కొన్ని పూలు, కాయలను ముంచకముందే తీసి 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేయాలి. సీసా లోపల పెన్సిల్‌తో నంబరు రాసిన చీటీ ఉండాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

శ్రావణ భాద్రపదాల్లో ఓరుగల్లు గాలిలో తేమ ఎక్కువ. మొదటి పేపరు మార్పు పన్నెండు గంటలకే చేయాలి, తర్వాత ఎండేవరకు రోజుకోసారి. ఆలస్యమైతే తెల్లబూజు ముందు పట్టేది పువ్వుల మీదే. డ్రైయర్ ఉంటే 45 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంచాలి. అంతకు మించితే ఆకు పెళుసై షీటు మీద పగులుతుంది.

నోట్‌బుక్‌లో ఎండాక కనిపించనివన్నీ ఎక్కాలి: కాండం ఎరుపా ఆకుపచ్చా, పరిపత్రాల అంచు రంగు, నేల చల్కా రేగడా, చేలో ఏ పంట, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, స్థానిక పేరు చెప్పినవారు ఏమని పిలిచారో. ఒకే ఒడ్డు మీద అమారస్, యూరినేరియా పక్కపక్కనే మొలుస్తాయి. రెంటినీ కలిపి పీకి ఒకే నంబరు వేస్తే అదే మిశ్రమ షీటు అవుతుంది. పాత కట్టలో అలాంటి షీటు కూడా బయటపడింది. దాన్ని రెండుగా విడదీసి, మూల నంబరుకే ‘ఎ’, ‘బి’ అని చేర్చి, పాత లేబుల్ జిరాక్స్‌ను రెండో షీటుకు అతికించి, ఒకదాని మీద ఇంకొకదాని ప్రస్తావన రాయడం జరిగింది.

షీటు కొలత 28 × 42 సెంటీమీటర్లు. ఎక్కించిన షీట్లను బీరువాలో పెట్టే ముందు గాలి చొరని పాలిథిన్ కవర్లో −20 డిగ్రీల వద్ద కనీసం 72 గంటలు ఉంచాలి. బయటకు తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదలాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లని షీటు మీద నీటిగా పేరుకుంటుంది.

పర్యాయపదమా, తప్పుగా వాడిన పేరా

వర్గీకరణలో కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. చాలా వ్యాసాల్లో ‘ఫిల్లాంథస్ అమారస్, పర్యాయపదం ఫిల్లాంథస్ నిరూరి’ అని కనిపిస్తుంది. ఇది నిలవదు. నిరూరి 1753 నాటిది, అమారస్ 1827 నాటిది. రెండూ నిజంగా ఒకే జాతికి చెందిన పేర్లయితే, ప్రాధాన్య నియమం ప్రకారం ముందు వచ్చిన నిరూరియే నిలవాలి, అమారస్ అన్న పేరే వాడుక నుంచి తప్పుకోవాలి. అమారస్ నిలిచింది అంటేనే అవి రెండు వేర్వేరు జాతులు అని అర్థం. పేరు కట్టుబడి ఉండేది దాని టైప్ నమూనాకు, అంటే ఆ పేరు ఆధారపడిన నమూనాకు. ఎంతమంది ఎన్నేళ్లు ఇంకో మొక్కకు ఆ పేరు వాడినా టైప్ మారదు. అందుకే షీటు చరిత్రలో ‘ఫిల్లాంథస్ నిరూరి, ఆక్ట్. నాన్ ఎల్.’ అని రాస్తారు. గ్రంథకర్తలు వాడిన పేరే గానీ లిన్నేయస్ ఉద్దేశించిన మొక్క కాదని దాని భావం. డేటాబేస్‌లో కూడా ఇది పర్యాయపదాల గడిలోకి పోకూడదు. తప్పు గుర్తింపుల కోసం వేరే గడి ఉండాలి. లేకపోతే మన చేలోని అమారస్ రికార్డులు కంప్యూటర్లో అమెరికా నిరూరి విస్తరణ పటంలోకి చేరిపోతాయి.

సరిచేసిన ప్రతి షీటు మీద కొత్త నిర్ధారణ చీటీ అతికించారు: పూర్తి పేరు, పేరు పెట్టినవారు, నిర్ధారించినవారు, తేదీ, ఏయే భాగాలు చూశారో ఒక వాక్యం. ‘కాయ కింద 5 పరిపత్రాలు, గ్రీవంలో మగ–ఆడ జంట’ అన్న ఆ ఒక్క వాక్యం ఉంటే, పదేళ్ల తర్వాత చూసేవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. పాత లేబుల్ మీద గీత కొట్టడం, తెల్లసిరా పూయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ షీటును ఆధారం చేసుకొని ఎవరైనా వ్యాసం రాసి ఉంటే, వారు చూసినది ఇదే షీటని చెప్పే సాక్ష్యం ఆ పాత పేరే. పూలూ కాయలూ లేని షీట్లను ‘ఫిల్లాంథస్’ అని ప్రజాతి వరకే నిర్ధారించి, ఆ ప్రజాతి ఫోల్డర్ చివర పెట్టారు. ఆకు చూసి ఊహించి జాతి పేరు రాయడం కన్నా ఇదే నయం.

ఇక ధ్రువపత్రం. విద్యార్థి తెచ్చిన మొక్కకు కాయలు ఉండడంతో పని తేలికైంది: ఫిల్లాంథస్ అమారస్. పత్రంలో ఆ పేరు, సేకరించిన ఊరు, తేదీ, వోచర్ (రుజువుగా దాచే షీటు) నంబరు రాసి, అదే మొక్క నుంచి ఒక షీటును హెర్బేరియంలో చేర్చాకే సంతకం పెట్టారు. వోచర్ లేని ధ్రువపత్రం ఎందుకూ కొరగాదు. అమారస్‌లో ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్లు (ఒక రకం మొక్క రసాయనాలు) ఉంటాయి. జాతి మారితే రసాయనాల పాళ్లు మారతాయి, ప్రయోగ ఫలితం దేనికి చెందిందో తేల్చుకోవడానికి మిగిలేది ఆ షీటే. పొడి చేసి తెచ్చిన నమూనాలకు ఇలాంటి పత్రం ఇవ్వడం కుదరదు. వాటికి డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (డీఎన్‌ఏ ముక్కలోని వరుసను పోల్చి జాతిని గుర్తించడం) దారి ఉంది, అదీ సరిగ్గా పేరు పెట్టిన షీటు నుంచి తీసిన వరుసతో పోలిస్తేనే.

కుటుంబం విషయంలో కూడా బీరువా సర్దాల్సి వచ్చింది. పాత ఫోల్డర్ యుఫోర్బియేసిలో ఉంది. డీఎన్‌ఏ ఆధారాలతో ఫిల్లాంథస్, దాని దగ్గరి ప్రజాతులు ఇప్పుడు ఫిల్లాంథేసి అనే వేరే కుటుంబం. పాత స్థానంలో ‘ఫిల్లాంథేసిలో చూడండి’ అని అట్టముక్క పెట్టి ఫోల్డర్లు జరిపారు. 2022లో ఈ పెద్ద ప్రజాతినే విడగొట్టే వర్గీకరణ ఒకటి ప్రచురితమైంది. దాని ప్రకారం అమారస్ ‘మోరోరిస్ అమారా’ అవుతుంది. ఆ పేరును డేటాబేస్‌లో ప్రత్యామ్నాయంగా ఎక్కించారు, షీట్ల మీద మాత్రం ఫిల్లాంథస్ అమారస్ అనే ఉంచారు. కొత్త వర్గీకరణను ప్రాంతీయ ఫ్లోరాలు స్వీకరిస్తే అప్పుడు మారాల్సింది ఫోల్డర్ మీది పేరు ఒక్కటే. లోపలి షీట్లు ఇప్పటికే జాతుల వారీగా విడివడి ఉన్నాయి.